గులాంల జత

సజ్జా క్యాంపుల రాత్రి పదకొండు.
ఏసీ ముక్కుతున్నది, మూల్గుతున్నది.
పై బెర్తు మీద భూమేశ్ దుప్పటి కింద
నీలం వెలుతురు చిన్న గుడిసె ఏసుకున్నది.

ఇక్కడ జూదం నేరం. దొరికితే
కట్టుబట్టలతోటి విమానమే.
అయినా ఆడతడు.
ఆడే ముందు మాత్రం ముక్కల దిక్కు చూడడు,
పైన సన్నక్షరాల పట్టిక చదువుతడు,
మందుసీసా మీది తారీఖు చదివినట్టు.

"మిషన్లన్నీ ఒక్క తీరే మెరుస్తయ్ అన్నా,
అదే రాణి, అదే నవ్వు.
రెండు గీతల కాడనే కోస్తరు గొంతు.
ఫుల్‌హౌస్‌కు తొమ్మిది, ఫ్లష్‌కు ఆరు ఇస్తే కూసో.
ఎనిమిది, ఐదు అంటే లేచి నడువు.
మొదటిది నూరు దిర్హాంలకు నలభై ఆరు ఫిల్సు తింటది,
రెండోది రెండు దిర్హాంల డెబ్బై."

"తినుడైతే రెండూ తింటయ్ కదరా?"

"తింటయ్.
మంచి ఆటంటే గెలిచేది కాదన్నా,
మెల్లగ ఓడేది."

ఈ ఒక్క మాట నేర్చేతందుకు
ట్రాక్టరు ట్రాలీకని దాచిన పైసలు పోగొట్టిండు.
పరంజికి కట్టే పసుపుపచ్చ చీటీల ఎనుక
పెన్సిల్‌తోటి ఇప్పటికీ లెక్కలు రాస్తడు.

"మరి గులాంల జత వస్తే?"
"నీ పందెం నీకే వాపస్. గంతే."

కింది బెర్తుల ఎల్లకిల పడి లెక్కపెట్టిన.
తొమ్మిదేండ్లు. ఏజెంటు అప్పు, దాని మిత్తి,
ఒక బోరు ఎండింది, ఇంకో బోరు ఏసినం.
పెట్టింది పెట్టినట్టు వాపస్.
ఎనిమిది మంచాల రూంల ఎవడో కలవరిస్తున్నడు.
"ఇదీ ఫుల్‌హౌసే," అన్నడు రాజలింగం చీకట్ల,
"దీనికి తొమ్మిది ఇచ్చెటోడెవడు?"
అందరం మేల్కొనే ఉన్నమని అప్పుడు తెలిసింది.

శుక్రవారం రోలాల మూడు ఎక్స్‌చేంజిలు తిప్పిండు నన్ను.
ఎర్రంకెల బోర్డుల కింద తలెత్తి నిలబడ్డడు.
రేటు పెద్దగున్న కాడ కమిషన్ దాగున్నది.
"చూసినవా," అన్నడు, "రాణి నవ్వు."

పోయిన నెల అజ్మాన్ కంపెనీ మనిషొకడు
కొత్త కాగితం తెచ్చిండు.
జీతం అంకె లావుగ, నల్లగ.
భూమేశ్ అది చదువలే. వేలు కిందికి జారి
ఓవర్‌టైం కాడ ఒకసారి ఆగింది,
రెండేండ్ల టికెట్ కాడ ఇంకోసారి.
"ఎనిమిది, ఐదు," అని పెన్ను వాపసిచ్చిండు.

ఆ మనిషికి సమజ్ కాలే.
నా గొంతుల మాత్రం ఏదో అడ్డం పడ్డది.
మెట్‌పల్లిల నేను సంతకం పెట్టిన కాగితం మీద
ఏ గీతలుండె, ఎన్ని ఉండె?
యాదికి లేదు.
టేబుల్ అద్దం కింద విమానం బొమ్మ యాదికున్నది,
ఏజెంటు తాగిపిచ్చిన థమ్సప్ యాదికున్నది.

నిన్న రాత్రి దుప్పటెత్తి పిలిచిండు.
ఇస్పేటు ఎక్కా, రాజు, రాణి, గులాం.
పక్కన ఆటీను గులాం.
జత చేతిలనే ఉన్నది, పందెం ఖాయం.

"ఉంచుకోరాదు," అన్న.
"లేదన్నా, చింపాలె.
ఉన్నయి నలభై ఏడు ముక్కలు, ఇస్పేటు పది ఒక్కటే.
అయినా లెక్క చింపమంటది."

ఆటీను గులాంను ఇడిసిపెట్టిండు.
ముక్క తిరిగింది.
కళావరు రెండు.

నేను నెత్తి కొట్టుకున్న. వాడు కొట్టుకోలే.
"ఆట కరెక్టే ఆడిన. ముక్క రాలే," అని
ఫోను బంద్ చేసి, పొద్దుగాల నాలుగింటి బస్సుకు
బూట్లు మంచం కిందికి జరుపుకున్నడు.

ఇంత సేపయినంక, పైనుంచి:
"అన్నా, నీ అగ్రిమెంటు పెట్టెల ఉన్నదా?
రేపు తీయి."